నివాస వీధిలో వాహనాలు నిలపడానికి గంటల పరిమితి పెట్టించడం ఎలా?

ప్రశ్న: ఒడిశాలోని బరంపురం నుంచి, ఒక వీధి సంఘం కార్యదర్శి

మాది బరంపురంలో మెడికల్ కాలేజీకి వెళ్లే పెద్ద రోడ్డు వెనుక ఉన్న పాత నివాస వీధి. ఆ పెద్ద రోడ్డు పొడవునా ప్రైవేటు క్లినిక్కులు, స్కానింగ్ కేంద్రాలు, మందుల దుకాణాలు వెలిశాయి గాని, వచ్చేవారి వాహనాలకు వాటిలో వేటి దగ్గరా చాలినంత స్థలం లేదు. ఆ భారమంతా మా మీద పడుతున్నది. ఉదయం ఎనిమిది దాటేసరికి వీధికి రెండు పక్కలా కార్లు, వాటి సందుల్లో మోటారు సైకిళ్లు నిండిపోతాయి. ఇక్కడి ఓడీ 07 నంబరు బండ్ల పక్కనే ఆంధ్రలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటల నుంచి రోగులను తీసుకువచ్చిన ఏపీ 39 నంబరు బండ్లు కూడా రాత్రి తొమ్మిది వరకు ఉంటాయి. మా ఇళ్లు ఒకదాని గోడకు మరొకటి ఆనుకొని, వీధి వైపు ఇరుకుగా, లోపలికి పొడవుగా ఉండే పాతకాలపు కట్టడాలు కాబట్టి, కారు ఉన్న ఇంటివారు కూడా దానిని వీధిలోనే పెట్టుకోక తప్పదు.

ఈమధ్య ఒక పెద్దావిడను ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వస్తే అంబులెన్సు మలుపు దగ్గరే ఆగిపోయింది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుపోయారు. అప్పటి నుంచి ఎవరికి తోచిన ఉపాయం వారు చేస్తున్నారు. కొందరు అరుగుల ముందు బండరాళ్లు, సిమెంటు కుండీలు పెట్టారు. ఒకాయన రేకు మీద ఎర్ర రంగుతో నిషేధమని రాయించి కరెంటు స్తంభానికి కట్టారు. సరిగ్గా దాని కిందనే ఒక స్కూటరు ప్రతిరోజూ నిలుస్తున్నది.

ఏ వాహనమూ రెండు గంటలకు మించి ఉండరాదన్న నియమం తేవాలని సంఘం సమావేశంలో అనుకున్నాం. అటువంటి నియమాన్ని మేమే పెట్టుకోవచ్చునా, కార్పొరేషన్ పెట్టాలా, పోలీసులు పెట్టాలా? రెండు గంటలు సమంజసమేనా? ఇంటివారి బండ్ల సంగతి ఏమిటి? వీధి వెడల్పు కాలువ నుంచి కాలువకు ఆరు మీటర్లు.

జవాబు: పర్లాకిమిడి నుంచి, పురపాలక ఉద్యోగంలో పదవీ విరమణ చేసిన వ్యక్తి

కార్యదర్శి గారూ, ముందు అధికారం ఎవరిదో తేల్చుకుందాం, ఎందుకంటే అక్కడ తప్పితే తక్కిన శ్రమంతా వృథా అవుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 117వ సెక్షను ప్రకారం, వాహనాలు నిలిపే చోట్లను నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి గాని, ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థకు గాని ఉంటుంది. వారు ఆ ప్రాంతపు స్థానిక సంస్థను, అంటే మీ విషయంలో కార్పొరేషన్‌ను, సంప్రదించి నిర్ణయించాలి. వాహనం అక్కడ ఎంతసేపైనా ఉండవచ్చునా, నిర్ణీత కాలం వరకే ఉండాలా అన్నది కూడా వారే చెప్పవచ్చునని ఆ సెక్షనులోనే ఉన్నది. కనుక మీరు అడుగుతున్న గంటల పరిమితికి చట్టంలో చోటు ఎప్పటి నుంచో ఉన్నట్టే. 2019 సవరణ దీనికి ఒక షరతు చేర్చింది: ఆ నిర్ణయంలో రోడ్డు వాడేవారి భద్రతకు, రాకపోకలు సాఫీగా సాగడానికి అగ్రస్థానం ఇవ్వాలి. అందుచేత మీ దరఖాస్తులో మొదట రాయవలసినది అంబులెన్సు ఆగిపోయిన ఉదంతమే. ఇంటి ముందు మాకు చోటు దొరకడం లేదన్న ఫిర్యాదుతో మొదలుపెడితే, చదివే అధికారికి అది ఇరుగుపొరుగు తగాదాలా కనిపిస్తుంది.

స్తంభానికి మీవారు కట్టిన రేకుకు విలువ లేదు. చట్టం గుర్తించే ట్రాఫిక్ చిహ్నాలను 116వ సెక్షను కింద అధికారం ఉన్నవారే పెట్టాలి, పెట్టించాలి. నీలం వృత్తం, ఎర్ర అంచు, దాని మీదుగా ఒక ఎర్ర గీత ఉంటే నిలపరాదని. రెండు గీతలు అడ్డంగా కోసుకుంటే కాసేపు ఆపనుకూడా రాదని అర్థం. ఆ చిహ్నం ఉన్నచోట ఉల్లంఘిస్తే 177వ సెక్షను కింద మొదటిసారి 500 రూపాయల వరకు, ఆ తరువాత 1500 వరకు జరిమానా వేయవచ్చు. నిషేధం ఉన్నచోట నిలిపిన బండిని, లేదా బహిరంగ స్థలంలో పది గంటలు అంతకు మించి వదిలేసిన బండిని, 127వ సెక్షను కింద యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి లాగించి తీసుకుపోవచ్చు. ఈ పది గంటల మాట పట్టుకొని అంతవరకు ఎక్కడైనా పెట్టవచ్చునని వాదించేవారు ప్రతి ఊళ్లోనూ తగులుతారు. వారికి సెక్షను మొత్తం చదివి వినిపించండి.

బండరాళ్లను మాత్రం ఈ వారమే తీయించండి. బహిరంగ మార్గానికి అడ్డంకి కలిగించడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 285వ సెక్షను కింద నేరం. 5000 రూపాయల వరకు జరిమానా ఉన్నది. దరఖాస్తు చూసి తనిఖీకి వచ్చిన అధికారికి మొదట కనబడేవి మీ రాళ్లే అయితే, తరువాత మీరు ఏం చెప్పినా తల ఎత్తుకొని చెప్పలేరు.

జవాబు: సొంతూరు సిరొంచ, ఉద్యోగం పుణెలో

ఆరు మీటర్ల వీధి అన్నారు గనుక గంటల కంటే ముందు మీటర్ల లెక్క చూడాలని నా అభిప్రాయం. మామూలు కారు వెడల్పు 1.7 మీటర్లకు కాస్త అటూ ఇటుగా ఉంటుంది. అద్దాలు, కాలువ అంచున వదిలే జానెడు చోటు కలిపితే ఒక్కొక్క పక్కన రెండు మీటర్లు పోయినట్టే. రెండు పక్కలా నిలిపితే నడిమధ్య మిగిలేది రెండే మీటర్లు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి పెద్ద వాహనాలకు 2.6 మీటర్ల వరకు వెడల్పు అనుమతిస్తున్నది. ఫైరింజను ఆ రెండు మీటర్లలో పట్టదు. అంబులెన్సు డ్రైవరు సాహసం చేసినా మలుపు తిరగలేడు. ప్రతి బండినీ రెండు గంటలకొకసారి మార్చినా ఇదే పరిస్థితి, ఎందుకంటే ఒకటి వెళ్లగానే దాని చోటులోకి మరొకటి వస్తుంది. గంటల పరిమితి బండ్లను మారుస్తుందే తప్ప దారిని వెడల్పు చేయదు.

కనుక ఒక పక్కన పూర్తి నిషేధం, రెండవ పక్కన గంటల పరిమితి అడగండి. ఏ పక్కన అన్నదే వీధిలో గొడవ తెస్తుంది, అది ఖాయం. పుణెలో దీనికి ‘పీ1, పీ2’ పద్ధతి ఉన్నది: బేసి తేదీల్లో ఒక పక్కన, సరి తేదీల్లో ఎదుటి పక్కన నిలపాలి, రెండు పక్కలా బోర్డులు ఉంటాయి. ఎవరి గుమ్మం ముందైనా నెలలో సగం రోజులు ఖాళీగా ఉంటుంది కాబట్టి ఏ ఇంటివారూ తమకే అన్యాయం జరిగిందని అనలేరు. తేదీ మారే అర్ధరాత్రి బండి తీసి ఎదుటి పక్కన పెట్టవలసిరావడం మాత్రం ఇబ్బందే. మీ నియమం పగటి వేళకే పరిమితమైతే ఆ ఇబ్బంది కూడా తప్పుతుంది.

జవాబు: రాయగడ నుంచి, డయాగ్నస్టిక్ కేంద్రంలో ఉద్యోగి

మీరంతా వీధి వైపు నుంచి చూస్తున్నారు. క్లినిక్కు లోపలి వైపు సంగతి కూడా చెబుతాను. షుగరు పరీక్షకు పరగడుపున ఒకసారి రక్తం తీసుకుంటాం. తరువాత టిఫిను తిని, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు మళ్లీ రావాలి. అంటే ఏ తొందరా లేకుండా అంతా సవ్యంగా జరిగినా రెండు గంటలు దాటిపోతాయి. కడుపు స్కానింగుకు వచ్చినవారు నీళ్లు తాగి మూత్రాశయం నిండేదాకా వరండాలో కూర్చుంటారు. నిండిందని చెప్పాక, వంతు వచ్చేలోపు ఆపుకోలేక వెళ్లి మళ్లీ మొదటి నుంచి తాగేవారూ ఉంటారు. సోంపేట నుంచి ముసలి తండ్రిని తీసుకువచ్చిన మనిషి ఈ మధ్యలో బయటికి పరుగెత్తి కారు మార్చాలంటే అది అన్యాయం. రెండు గంటల నియమం మొట్టమొదట పట్టుకునేది వీరినే.

ఇక పొద్దుటి నుంచి రాత్రి దాకా కదలకుండా ఉండే బండ్లు ఎవరివంటారా? ఎక్కువగా మావే, అంటే టెక్నీషియన్లవి, కౌంటరులో కూర్చునేవారివి, మందుల దుకాణాల కుర్రాళ్లవి. కావాలంటే ఒక మామూలు రోజున గంట గంటకూ వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచి, నిలిచిన బండ్ల చివరి నాలుగు అంకెలు రాసుకోండి. ఏవి మారుతున్నాయో, ఏవి పాతుకుపోయాయో సాయంత్రానికి కాగితం మీద తేలిపోతుంది. నా లెక్కలో మూడు గంటల పరిమితి పెడితే రోగుల పని జరుగుతుంది, ఎనిమిది గంటల డ్యూటీ చేసేవాడు మాత్రం బండిని మరోచోట పెట్టుకోక తప్పదు. మూడు గంటలకొకసారి బయటికి వచ్చి బండిని నాలుగు అడుగులు జరిపి మళ్లీ లోపలికి వెళ్లే తెలివిగలవారు మాలో ఉన్నారు కాబట్టి, ఆ పూట తిరిగి అదే వీధిలో నిలపరాదని కూడా రాయించండి.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. రాళ్లు తీయడానికి ఇద్దరు తప్ప అందరూ ఒప్పుకున్నారు. ఆ ఇద్దరి దగ్గరకు మా అధ్యక్షులే వెళతామన్నారు. షుగరు పరీక్ష సంగతి మాకెవరికీ తట్టలేదు, మా వీధిలో సగం మంది ఆ పరీక్షకు వెళ్లేవారే అయినా. మూడు గంటలు, ఒక పక్కన మాత్రమే, అన్న మాటకు నేను ఒప్పుకుంటున్నాను. అయితే ఉద్యోగం మానేసి ఇంటి దగ్గరే ఉండే పెద్దవారి కార్లు పగలంతా కదలవు. వారికి మినహాయింపు అడగవచ్చునా? పరిమితి మీరిన బండిని కానిస్టేబుల్ ఎలా పట్టుకుంటాడు? మూడు గంటలు అక్కడే నిలబడి ఉండలేడు కదా.

జవాబు: పర్లాకిమిడి నుంచి, మళ్లీ

నిలబడనక్కరలేదు. బండి నంబరు, చక్రం ఆనిన చోటు కనబడేలా ఒక ఫొటో, మూడు గంటలు దాటాక మరో ఫొటో తీస్తే ఈ-చలానుకు ఆధారం ఉన్నట్టే. పారిస్‌లో 1957లో ఇటువంటి గంటల పరిమితి ఉన్న ప్రాంతాలు ఏర్పరచినప్పుడు, వచ్చిన వేళ చూపే అట్ట గడియారాన్ని డ్రైవరే అద్దం వెనుక పెట్టాలన్నారు. మన దగ్గర ఆ అట్ట గడియారాన్ని డ్రైవర్లే ముందుకు జరిపేస్తారు గనుక ఫొటోలే మేలు. వారానికి రెండు పూటలు, ముందుగా చెప్పకుండా తనిఖీ చేసినా క్లినిక్కుల సిబ్బందికి సంగతి వెంటనే పాకుతుంది.

ఇంటివారి విషయంలో జాగ్రత్తగా అడగండి. ఇంటి ముందు వీధి ఇంటివారి ఆస్తి కాదు. ఫలానా చోటు ఫలానావారిదని ఏ అధికారీ రాసివ్వడు, ఇవ్వకూడదు కూడా. కార్పొరేషన్ ముద్రతో ఇంటికొక స్టిక్కరు, అది ఉన్న బండికి గంటల పరిమితి వర్తించదు, కాని నిషేధం ఉన్న పక్కన దానికీ చోటు లేదు: ఈ మేరకు అడిగితే కాదనడానికి కారణం కనిపించదు. రెండవ కారుకు స్టిక్కరు అడగవద్దు. మీలో రెండు కార్లున్నవారు దీనికి అలుగుతారు, అలగనివ్వండి.

దరఖాస్తును ఒడియాలో రాయించి కార్పొరేషన్ కమిషనరుకు ఒక ప్రతి, ట్రాఫిక్ పోలీసులకు ఒక ప్రతి ఇచ్చి, రెండింటి మీదా రసీదు ముద్ర వేయించుకోండి. కార్పొరేటరు సంతకం ఉంటే మంచిది. జవాబు రాకపోతే కలెక్టరు, ఎస్పీ కలిసి జరిపే ఉమ్మడి ఫిర్యాదుల దినానికి అదే ముద్ర ఉన్న ప్రతితో వెళ్లండి. వెడల్పు కొలతలు, బండ్ల జాబితా జతపరచండి. మూడు నెలల ప్రయోగంగా అడగండి, శాశ్వతమంటే ఎవరూ సంతకం చేయరు. మీ ఊరి అమ్మవారి ఉత్సవమైన ఠాకురాణి యాత్ర జరిగే ఏడాది అయితే ఆ మూడు నెలల్లోకి యాత్ర రోజులు రాకుండా చూసుకోండి. అప్పటి రద్దీని చూసి ఏ నియమమూ పనిచేయలేదని తేల్చేస్తారు. బోర్డు వీధికి రెండు చివరలా ఉండాలి, వేళలు ఒడియాతో పాటు తెలుగులోనూ రాయాలని దరఖాస్తులోనే కోరండి, ఎందుకంటే ఇచ్ఛాపురం నుంచి వచ్చిన డ్రైవరు చదవలేని బోర్డు చూపి అతనికి జరిమానా వేయడం న్యాయం కాదు.