నహపానుడి వెండి నాణెం నల్లగా ఉంది, తోమాలా వద్దా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఈమధ్య ఒక నహపానుడి (పశ్చిమ క్షత్రపుల రాజు) వెండి నాణెం కొన్నా, అతన్ని ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి దాని మీదే మళ్ళీ తన ముద్ర కొట్టించిన రకం. ఒక పక్క కొండ గుర్తు, దాని కింద నుంచి పాత రాజు ముక్కు, గడ్డం ఇంకా కనిపిస్తున్నాయి, వెనక ఉజ్జయిని గుర్తు (ప్లస్ ఆకారం, నాలుగు చివర్లా గుండ్రాలు). కాకపోతే మొత్తం నల్లగా ఉంది, అంచు దగ్గర వెంట్రుక అంత గీత. మా అత్తమ్మ విభూదితో తోమితే తళతళలాడుతుంది బాబూ అంటున్నారు. తోమితే రేటు పడిపోద్దా?

జవాబు 1:
బ్రో, అత్తమ్మగారికి దండం పెట్టి నాణెం బీరువాలో పెట్టెయ్ 😄 ఆ నలుపు గాల్లో గంధకం తగిలి వచ్చే పొర, దానివల్ల నష్టం లేదు, చాలామంది అదే కావాలని కొంటారు. విభూది, చింతపండు, టూత్‌పేస్ట్ ఏది వాడినా పైన సన్న గీతలు పడటమో పొర లేచిపోవడమో ఖాయం.

జవాబు 2:
నలుపు సంగతి వదిలెయ్యండి, అసలు భయపడాల్సింది ఆ గీతకి. పాత వెండిలో ఎంతో కొంత రాగి కలిసి ఉంటుంది, వందల ఏళ్ళలో ఆ రాగి వెండి రేణువుల మధ్య సందుల్లోకి చేరి, మట్టిలో తేమ, ఉప్పు తగిలి అక్కడ్నుంచే తినేస్తూ వస్తుంది, పైకి బొమ్మ బానే ఉంటుంది కానీ లోపల పట్టు ఉండదు. విరిగితే లోపల పటికబెల్లంలా పలుకులు పలుకులుగా కనిపిస్తుంది, దీన్నే క్రిస్టలైజేషన్ అంటారు, దీనికి మందు లేదు. పైగా మీది ముద్ర కోసం రెండుసార్లు సుత్తి దెబ్బ తిన్న నాణెం. రేటు అంటారా, 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో నహపానుడి నాణేలు 13 వేలకు పైగా దొరికాయి, అందులో 9 వేలకు పైగా ఇలా ముద్ర మార్చినవే, కాబట్టి ఈ రకం మరీ అరుదేం కాదు, కొనేవాడు కండిషనే చూస్తాడు, పగులు ఉంటే బేరం అక్కడే తెగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ, తోమట్లేదు. గీత పగులో గోకుడో ఎలా తెలుసుద్ది? బల్ల మీద వేసి మోగించి చూడనా?

జవాబు 2:
అయ్యో వద్దు! పగులైతే అక్కడే రెండు ముక్కలవుద్ది. లెన్స్ పెట్టి చూడండి, గీత అంచు దాటి రెండో వైపు కూడా కనిపిస్తే పగులే.

జవాబు 3:
మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, కొన్నాళ్ళకి పచ్చటి జిగురు వదులుద్ది. మైలార్ (పాలియెస్టర్ ప్లాస్టిక్) కవర్ తీసుకోండి, రబ్బరు బ్యాండ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, అందులోనూ గంధకమే.