అప్‌గ్రేడ్ తర్వాత వీఎంలో పూల్ డిగ్రేడెడ్: డిస్కులు విడిగా ఇస్తే చాలా, కంట్రోలర్ మొత్తం ఇవ్వాలా?

మూడోడిస్కు:
ఒకే యంత్రంలో వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే ప్రాక్స్‌మాక్స్‌లో 8 నుంచి 9కి వచ్చాను. ముందే పీవీఈ8టు9 స్క్రిప్ట్ నడిపి చూశాను, అడ్డంకులేమీ చూపించలేదు. రీబూట్ అయ్యాక ఫైల్ సర్వర్ వీఎం లేచింది గానీ, అందులోని జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ (డిస్కులన్నీ కలిపి ఒకే నిల్వగా వాడే ఏర్పాటు) డిగ్రేడెడ్, అంటే డిస్కు లోపించింది, అంటోంది. మూడు డిస్కుల రెయిడ్‌జెడ్1 అది, ఒక డిస్కు పోయినా డేటా నిలుస్తుంది. అందులో మూడోది అన్‌అవైలబుల్. విచిత్రం ఏమిటంటే వీఎంలో డిస్కుల లెక్క సరిపోతోంది. ఒకటి మాత్రం పూల్‌లో లేకుండా, వాడుకలో లేని డిస్కుగా పక్కన కనిపిస్తోంది. హోస్ట్‌లో (వీఎంలు నడిచే అసలు యంత్రంలో) స్మార్ట్ రిపోర్టులు, అంటే డిస్కులు తమ ఆరోగ్యం గురించి ఇచ్చేవి, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. నాది కంట్రోలర్ పాస్‌త్రూ (డిస్కులు తగిలించే కంట్రోలర్‌నే నేరుగా వీఎంకి ఇవ్వడం) కాదు, క్యూఎం సెట్ కమాండ్‌తో డిస్కులు ఒక్కొక్కటే ఇచ్చాను. ఇంటిల్లిపాది ఫొటోలూ ఇందులోనే ఉన్నాయి, ఒకటే టెన్షన్. ఇలాగే కొనసాగాలా, కంట్రోలర్ మొత్తం ఇచ్చే పద్ధతికి మారాలా?

నైట్‌షిఫ్ట్:
వాడుకలో లేదంటే దాని మీద పూల్‌దని చెప్పే లేబుల్ పోయినట్టే. ఆ డిస్కునే ఎంచుకుని రీప్లేస్ నొక్కండి. రీసిల్వర్ (ఆ డిస్కులోకి డేటా మళ్లీ నింపడం) అయిపోతే సమస్య తీరిపోతుంది.

లాగ్‌చదువరి:
ఇప్పుడే ఏదీ నొక్కకండి. వీఎం కాన్ఫిగ్ ఫైల్‌లో ఏ డిస్కులు ఇచ్చారో చెప్పే ఎస్‌సీఎస్‌ఐ లైన్లు ఉన్నవి ఉన్నట్టు పెట్టండి. హోస్ట్‌కి ఈ మూడూ కాక ఇంకేమైనా డిస్కులు ఉన్నాయా?

నిల్వగది:
డిస్కులు విడివిడిగా ఇవ్వడమే అసలు జబ్బు. మీరు వీఎంకి ఇచ్చింది డిస్కు కాదు, డిస్కుకి క్యూఈఎంయూ (వీఎంని నడిపే ప్రోగ్రామ్) తొడిగిన ముసుగు. లోపలి నుంచి చూస్తే ప్రతిదీ ‘క్యూఈఎంయూ హార్డ్‌డిస్క్’ అనే పేరుతోనే ఉంటుంది. సీరియల్ నంబర్ మనం కాన్ఫిగ్‌లో రాస్తే తప్ప లోపలికి చేరదు. స్మార్ట్ సమాచారం అసలే అందదు. డేటాని కాపాడాల్సిన వ్యవస్థకి తన డిస్కు ఏదో, దాని ఆరోగ్యం ఏమిటో తెలియదు. ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ లాంటి కార్డు ఒకటి ఐటీ మోడ్‌లో (డిస్కులని ఉన్నవి ఉన్నట్టు చూపే విధానంలో) పెట్టి, మొత్తం కార్డుని వీఎఫ్‌ఐఓ (హార్డ్‌వేర్‌ని నేరుగా వీఎంకి ఇచ్చే డ్రైవర్) ద్వారా వీఎంకి అప్పగించండి. హోస్ట్ ఆ డిస్కుల జోలికే రాదు.

చిన్నయంత్రం:
నిల్వగది గారూ, ఎవరు ఏ కష్టంతో వచ్చినా మీ జవాబు ఒకటే: కార్డు కొనండి. నా యంత్రంలో ఉన్నది ఒక్క స్లాట్, అందులో నెట్‌వర్క్ కార్డు ఉంది. బోర్డు మీది సాటా కంట్రోలర్ ఇద్దామంటే హోస్ట్ బూట్ అయ్యేది దాని మీది డిస్కు నుంచే. పైగా అదీ, యూఎస్‌బీ కంట్రోలరూ ఒకే ఐఓఎంఎంయూ గ్రూపులో ఉన్నాయి, ఇస్తే రెండూ కలిపే ఇవ్వాలి. ఏసీఎస్ ఓవర్‌రైడ్ అనే కెర్నల్ సెట్టింగ్ పెడితే గ్రూపులు విడిపోయినట్టు కనిపిస్తాయి గానీ హార్డ్‌వేర్‌లో ఆ విభజన రాదు.

ఇంకో మాట. కంట్రోలర్ ఇచ్చినవాళ్లకి అప్‌గ్రేడ్‌లో ఇబ్బందులే రావా? 6.2 కెర్నల్ దగ్గర వీఎఫ్‌ఐఓ మాడ్యూళ్ల లిస్టు మారింది, వీఐఆర్‌క్యూఎఫ్‌డీ అనే ముక్క విడిగా లేకుండా పోయింది. బూట్‌లో ఆ కార్డుని నడిపే ఎంపీటీ3శాస్ డ్రైవర్ ముందుగా లోడ్ అయితే, వీఎం లేచేదాకా ఆ కార్డు హోస్ట్ చేతిలోనే ఉంటుంది, డిస్కులన్నీ హోస్ట్‌కి కనిపిస్తాయి. డ్రైవర్ల వరుస చెప్పే సాఫ్ట్‌డెప్ లైన్ రాసి, బూట్ మొదట్లో వాడే ఇనిట్‌ఆర్‌ఏఎంఎఫ్‌ఎస్ మళ్లీ కట్టుకుంటేనే వీఎఫ్‌ఐఓ ముందు పట్టుకుంటుంది. కార్డు పెడితే నిశ్చింత అని చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పాలి కదా.

బూట్‌లోడర్:
పాత కెర్నల్‌తోనే బూట్ అయ్యేలా పిన్ చేసి రీబూట్ కొట్టండి. నాకు పనిచేసింది.

నిల్వగది:
అవన్నీ ఒకసారి చేసి వదిలేసే పనులు. నేనడిగిన దానికి జవాబు రాలేదు. స్మార్ట్ వీఎంలో ఎలా చూస్తారు?

చిన్నయంత్రం:
వీఎంలో ఎందుకు చూడాలి? హోస్ట్‌లో స్మార్ట్‌డీ నడుస్తోంది, తేడా వస్తే మెయిల్ పంపుతుంది. డిస్కు ఎక్కడ తగిలించి ఉందో అక్కడే దాని ఆరోగ్యం చూసుకుంటాను.

నిల్వగది:
అంటే పూల్ ఒకరి చేతిలో, డిస్కుల ఆరోగ్యం ఇంకొకరి చేతిలో. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. స్మార్ట్ లేని పాస్‌త్రూని పాస్‌త్రూ అనడానికే నేను ఒప్పుకోను.

చిన్నయంత్రం:
ఎస్‌సీఎస్‌ఐబ్లాక్ ఆప్షన్ పెడితే ఎస్‌సీఎస్‌ఐ కమాండ్లు డిస్కు దాకా వెళ్తాయి. హోస్ట్‌లో మెమరీ తక్కువైనా, ముక్కలైపోయినా ఐ/ఓ ఎర్రర్లు రావచ్చని డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది, అందుకే నేను వాడను. లోపాన్ని దాచడం లేదు. చేతిలో ఉన్న యంత్రంతో ఏది కుదురుతుందో అది చెబుతున్నాను.

లాగ్‌చదువరి:
మీ ఇద్దరి వాదన సరే, అడిగిన మనిషి కాన్ఫిగ్ ఇంతవరకూ ఎవరమూ చూడలేదు. బూట్‌లోడర్ గారూ, పాత కెర్నల్‌తో డిస్కులు మళ్లీ పాత వరుసలో లేవవచ్చు, అప్పుడు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఇంకో రీబూట్‌కి మళ్లీ ఇదే కథ. మూడోడిస్కు గారూ, ఆ లైన్లు పెట్టండి.

మూడోడిస్కు:
క్షమించాలి, ఆఫీసులో ఉన్నాను. ఇవిగో:
ఎస్‌సీఎస్‌ఐ1: /డెవ్/డిస్క్/బై-ఐడీ/ఏటీఏ-… (సీరియల్ తీసేశాను)
ఎస్‌సీఎస్‌ఐ2: /డెవ్/డిస్క్/బై-ఐడీ/ఏటీఏ-…
ఎస్‌సీఎస్‌ఐ3: /డెవ్/ఎస్‌డీసీ
మూడో డిస్కు తర్వాత ఎప్పుడో కలిపాను. హోస్ట్‌లో ఇంకో డిస్కు ఉంది, బ్యాకప్‌లు పెట్టేది. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్.

లాగ్‌చదువరి:
దొరికింది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనేవి డిస్కుల పేర్లు కావు, ఆ బూట్‌లో ఏది ముందు దొరికితే దానికి వరుసగా పడే అక్షరాలు. బై-ఐడీ అలా కాదు, డిస్కు సీరియల్‌తో కట్టిన పేరు, మారదు. కొత్త కెర్నల్ వాటిని వేరే క్రమంలో వెతికి ఉంటుంది. అప్‌గ్రేడ్ లేకపోయినా ఏదో ఒక రీబూట్‌లో ఇది జరగవచ్చు. ఇప్పుడు ఎస్‌డీసీ ఏదో హోస్ట్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి, మోడల్, సీరియల్‌తో సహా చూడండి. నా అనుమానం నిజమైతే వాడుకలో లేనట్టు కనిపిస్తున్నది మీ బ్యాకప్ డిస్కే.

మూడోడిస్కు:
అవునండీ, అదే. ఎస్‌డీసీ ఇప్పుడు బ్యాకప్ డిస్కు. హోస్ట్‌లో మౌంట్ అయి కూడా ఉంది. నేను రీప్లేస్ మెనూ దాకా వెళ్లాను, అందులో ఆ డిస్కు ఒక్కటే కనిపించింది.

చిన్నయంత్రం:
నొక్కలేదు కదా?!

మూడోడిస్కు:
లేదు. ఫోన్ వచ్చి ఆగాను.

నిల్వగది:
నైట్‌షిఫ్ట్ గారూ, మీ సలహా వినుంటే బ్యాకప్ తుడిచిపెట్టుకుపోయేది. పూల్‌లో ఒక డిస్కు లేదు, బ్యాకప్ లేదు. రీసిల్వర్ ముగిసేలోపు ఇంకో డిస్కు పోతే ఆ ఇంటి ఫొటోలు ఇక ఎక్కడా ఉండవు. ఒక్క ముక్క రాసి వెళ్లిపోయారు మీరు.

నైట్‌షిఫ్ట్:
అడిగినవాళ్లు నాలుగో డిస్కు సంగతి చెప్పలేదు. నా మీద పడితే ఎలా?

నిల్వగది:
చెప్పకపోతే అడగాలి! నాకు ఇది పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. నా పూల్ ఇలాగే పోయింది. వీఎం నడుస్తోంది, హోస్ట్‌కి కూడా అదే పూల్ కనిపిస్తోంది. ఇంకో వేదికలో అడిగితే ‘ఇంపోర్ట్ మైనస్ ఎఫ్ కొట్టు’ అని ఒకాయన రాశాడు. వేరే సిస్టమ్ వాడుతూ ఉండవచ్చని జెడ్‌ఎఫ్‌ఎస్ ఇచ్చే హెచ్చరికని దాటేయమనే సలహా అది. హోస్ట్ ఒకవైపు, వీఎం ఒకవైపు ఒకే డిస్కుల మీద రాశాయి. మా అమ్మ గొంతు రికార్డింగులు అందులో ఉండేవి, ఇప్పుడు లేవు. అందుకే హోస్ట్‌కి డిస్కులు కనిపించనే కూడదంటాను. కనిపిస్తే, కంగారులో ఉన్న మనిషి ఏదో ఒకటి చేస్తాడు.

చిన్నయంత్రం:
అమ్మగారి సంగతి విని చాలా బాధగా ఉంది. ఇది ముందే చెప్పి ఉంటే నేను అంత గట్టిగా మాట్లాడేవాణ్ని కాదు.

కానీ మన తేడా ఇప్పుడే బయటపడింది, అది కార్డు గురించి కాదు. కంగారుపడే మనిషి చేతికి ప్రమాదం అందకుండా ఏర్పాటే అలా ఉండాలని మీరంటున్నారు. ఆ ఏర్పాటు అందరికీ కుదరదు కాబట్టి సలహా ఇచ్చేవాళ్లు నెమ్మదిగా ఉండాలని నేనంటాను. మీ పూల్ పోయింది డిస్కులు విడిగా ఇచ్చినందుకు కాదు, ఆ సలహా వల్ల. ఇక్కడ కూడా బై-ఐడీ రాసిన రెండు డిస్కులూ ఏ మాత్రం కదలలేదు చూడండి.

నిల్వగది:
సలహాలిచ్చేవాళ్లందరూ నెమ్మదిగా ఉంటారని నమ్మి నా డేటా పెట్టలేను. మీరు పెట్టగలిగితే పెట్టుకోండి.

లాగ్‌చదువరి:
జెడ్‌ఎఫ్‌ఎస్‌లో మల్టీహోస్ట్ అనే ప్రాపర్టీ ఉంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. వీఎంలో పూల్‌కి ఆన్ చేస్తే, పూల్ నడుస్తున్నంతసేపూ ఇంకో సిస్టమ్ మైనస్ ఎఫ్ పెట్టినా ఇంపోర్ట్ చేసుకోనివ్వదు. వీఎంకీ హోస్ట్‌కీ హోస్ట్‌ఐడీలు (సిస్టమ్ గుర్తింపు సంఖ్యలు) వేరువేరుగా ఉండాలి, అంతే. కార్డు పెట్టలేనివాళ్లు కనీసం ఇది చేసుకోండి. రీప్లేస్ లాంటి పొరపాటుకి ఇది అడ్డుపడదు. దానికి ప్రతి డిస్కు లైన్‌లో బై-ఐడీ దారి, చివర సీరియల్ నంబర్ రాసుకోవాలి. అప్పుడు వీఎం లోపల కూడా ఏది ఏదో తెలుస్తుంది.

మూడోడిస్కు గారూ, మీ పని వరుస ఇది: వీఎం పూర్తిగా ఆపండి. ఎస్‌సీఎస్‌ఐ3 లైన్ తీసేసి, అసలు డిస్కు బై-ఐడీతో మళ్లీ ఇవ్వండి. లేపాక జెడ్‌పూల్ స్టేటస్ చూడండి.

మూడోడిస్కు:
చేశాను. మూడూ ఆన్‌లైన్. ఈ మధ్యలో రాసినంత మేరకే రీసిల్వర్ అయింది, చాలా త్వరగా ముగిసింది. మూడింటికీ సీరియల్ కూడా రాశాను. అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.

నిల్వగది:
సంతోషం. ఇంకా ఆపకండి, ఒక స్క్రబ్ (పూల్‌లోని డేటా అంతా చదివి సరిచూడటం) పూర్తిగా నడపండి. బ్యాకప్ డిస్కు వీఎం చేతిలో కొంతసేపు ఉంది కాబట్టి దాన్ని అన్‌మౌంట్ చేసి ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ తనిఖీ) కూడా పెట్టండి. ఆ తర్వాత బ్యాకప్‌లోంచి ఏవైనా కొన్ని ఫొటోలు నిజంగా తెరిచి చూడండి.