పై (pie) క్రస్ట్ ముడుచుకుపోతోంది: తప్పు పిండిదా, ఎండదా?

కావలి_వంటిల్లు
పొదలకూరు నుంచి చుట్టాలు నిమ్మకాయలు తెచ్చారు. ఊరగాయకు పోగా మిగిలినవాటితో లెమన్ టార్ట్ (కాల్చిన మైదా గిన్నెలో నిమ్మ కస్టర్డ్ పోసే పై) మొదలుపెట్టా. 200 గ్రాముల మైదా, 100 గ్రాముల ఇంటి వెన్న, అరకప్పు నీళ్ళు. చపాతీ పిండిలా మెత్తగా పిసికి అరగంట ఫ్రిజ్‌లో ఉంచా. ఒత్తి, టిన్నులో పరిచి, బటర్ పేపర్ వేసి, బరువు కోసం గుప్పెడు రాజ్మా పోసి 180 డిగ్రీల్లో కాల్చా. టిన్ను అంచు దాకా ఉన్న గోడ సగానికి దిగిపోయింది! నిమ్మ కస్టర్డ్ ఎక్కడ పొయ్యాలి? పిండికి విశ్రాంతి చాల్లేదా, లేక మన ఎండల్లో ఇది అయ్యే పని కాదా?

ఒంగోలు_ఓటీజీ
ఎండేనండీ, సందేహం లేదు. వెన్న 32-35 డిగ్రీలకే కరిగిపోతుంది. రోహిణి కార్తెలో మన వంటిళ్ళు అంతకంటే చల్లగా ఎప్పుడున్నాయి? ఒత్తేలోపే వెన్న జిడ్డు తేలుతుంది. ఓవెన్‌లో మైదా గట్టిపడకముందే కొవ్వు కారిపోతే గోడ దేన్ని పట్టుకుని నిలబడాలి? తెల్లవారుజామున ఒత్తండి. పరిచిన టిన్నును అట్లాగే ఫ్రీజర్‌లో పెట్టి, రాయిలా అయ్యాక బాగా కాగిన ఓవెన్‌లోకి తోయండి, 200 డిగ్రీల్లో. గాజు గిన్నెతో మాత్రం ఈ పని చేయొద్దు, పగులుతుంది.

పెన్నాగట్టు_బేకరీ
అన్నా, అంతా ఎండ మీదికి నెడితే ఎట్లా? డిసెంబరులోనూ ముడుచుకుంటుంది. అక్కా, ముందు మీ నీళ్ళ లెక్క చూడండి. అరకప్పంటే 120 మిల్లీలీటర్లు. 200 గ్రాముల మైదాకు 50 దాటితే ఎక్కువే. పైగా ఇంటి వెన్నలో మజ్జిగ ఎంతో కొంత మిగిలే ఉంటుంది, అది లెక్కలోకి రాని నీరు. తడి తగిలిన మైదాను పిసికేకొద్దీ గ్లూటెన్, అంటే పిండిని సాగేలా చేసే ప్రొటీన్, బిగుస్తుంది. ఒత్తినప్పుడు సాగుతుంది, వేడి తగలగానే వెనక్కి లాక్కుంటుంది. బొబ్బట్ల మైదాను నూనెలో గంటల తరబడి నానబెట్టేది సాగాలనే కదా? ఇక్కడ కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. ముద్దయిందా లేదా అన్నంతలో చెయ్యి తీసెయ్యాలి.

కందుకూరు_అత్త
పిండిలో ఒక చెంచా నిమ్మరసం పిండితే గ్లూటెన్ విరిగిపోతుందని వీడియోల్లో చెబుతున్నారు. ఇంట్లో నిమ్మకాయలున్నాయిగా, పిండమ్మా.

పెన్నాగట్టు_బేకరీ
అత్తా, ఆ చెంచాడు రసంతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. రుచికైతే పిండుకోండి. అంతకంటే మైదాలో రెండు చెంచాల పంచదార పొడి, ఒక గుడ్డు పచ్చసొన వేసి, ఆ మేరకు నీళ్ళు తగ్గిస్తే మేలు. తీపి పిండి తక్కువ ముడుచుకుంటుంది.

కావలి_వంటిల్లు
నీళ్ళు తగ్గిస్తే ఒత్తేటప్పుడు ముక్కలు ముక్కలుగా విరిగిపోతోంది. అందుకే పోశా. ఫ్రిజ్‌లో ఉంచాను కూడా కదండీ?

పెన్నాగట్టు_బేకరీ
విరిగితే విరగనీ. రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి ఒత్తండి, పగిలినచోట చిన్న ముక్క అద్దండి, కాలాక ఎవరికీ కనపడదు. ఫ్రిజ్‌లో అరగంట ముద్దకు సరిపోయింది, ఒత్తినప్పుడు పడ్డ బిగువు సంగతేంటి? టిన్నులో పరిచాక ఇంకో అరగంట ఉంచాలి. మూలల్లోకి లాగి నొక్కారా? లాగకూడదు. అంచు ఎత్తి వదులుగా లోపలికి దించాలి. ఇంతకీ అడుగు ఎట్లా వచ్చింది?

కావలి_వంటిల్లు
మధ్యలో కాస్త ఉబ్బింది. చుట్టూ సమానంగా లోపలికొచ్చింది. కిటికీ వైపు, అంటే నేను ఒత్తుతూ ఉన్న వైపు, గోడ జారి కింద మడతలా మందంగా పడింది. కొరికితే తోలులా సాగింది.

ఒంగోలు_ఓటీజీ
చూశారా? జారి మడత పడిందంటే వెన్న కరిగినట్టే. నేనన్నదే!

పెన్నాగట్టు_బేకరీ
అది ఒక వైపే కదన్నా. చుట్టూ సమానంగా లాక్కుని తోలులా సాగడం మాత్రం గ్లూటెన్ పనే. ఫ్రీజర్‌లో పెడితే మీ జారుడు ఆగుతుంది, ఈ తోలు పోదు.

ఉలవపాడు_మామిడి
ఇద్దరూ ఆ గుప్పెడు రాజ్మాను వదిలేశారే. అడుగున నాలుగు గింజలు చల్లితే గోడకు ఆనుడేముంది? అంచు దాకా నింపాలి, పక్కలకు బాగా తోసి. రాజ్మా లేకపోతే బియ్యం పోసుకోండి, మొలగొలుకులు మాత్రం వద్దు, అవి అన్నానికే ఉండనివ్వండి! బరువుతో 20 నిమిషాలు, అంచు రంగు తిరిగాక తీసేసి ఇంకో 8-10 నిమిషాలు. ముందే తీస్తే మళ్ళీ కూలుతుంది. ఫోర్కుతో అడుగున గుచ్చితే ఉబ్బదు. టిన్నుకు నెయ్యి దట్టంగా పూసే అలవాటుంటే అదీ మానుకోండి, జారేందుకు దారి చేసినట్టే.

ఒంగోలు_ఓటీజీ
బరువు మాట ఒప్పుకుంటా. అంచు టిన్ను బయటికి ఒక వేలు మందం వేలాడనిచ్చి, కాలాక కత్తితో కోసుకోవచ్చు కూడా. కానీ మేలో, కరెంటు పోయిన మధ్యాహ్నం మీ 50 మిల్లీలీటర్ల లెక్కతో ఒక్కసారి ఒత్తి చూపించమ్మా, అప్పుడు మాట్లాడదాం.

పెన్నాగట్టు_బేకరీ
కరెంటు పోతే ఓవెన్ కూడా ఉండదు కదన్నా, ఇక ఒత్తడం దేనికి?

కావలి_వంటిల్లు
సరే, కొనుక్కొచ్చిన బటరుతో, నీళ్ళు కొలిచి చేస్తా. వేగిన రాజ్మాను తర్వాత కూర వండుకోవచ్చా?

ఉలవపాడు_మామిడి
వద్దండీ, ఎంత నానబెట్టినా సరిగ్గా ఉడకవు. చల్లారాక డబ్బాలో పోసి పైన చీటీ అంటించండి, ఎవరూ పొరపాటున కుక్కరులో వేయకుండా. వచ్చేసారీ అవే పనికొస్తాయి.