అటానమస్ సిస్టమ్స్‌లో చీఫ్ సైంటిస్ట్ దాకా వెళ్లాలంటే?

ప్లానింగ్ కుర్రాడు:
డ్రోన్లకు పాత్ ప్లానింగ్ (ఏ దారిన వెళ్లాలో లెక్కేసే) కోడ్ రాసే టీమ్‌లో ఉన్నాను, చదివింది మాస్టర్స్ వరకే. పైవాళ్లు మేనేజర్ అవ్వమంటున్నారు, నాకేమో టెక్నికల్‌గానే ఉండి ఎప్పటికైనా చీఫ్ సైంటిస్ట్ అవ్వాలని ఉంది. పీహెచ్‌డీ లేకుండా కుదురుతుందా? అసలు ఆ పోస్టులో ఉన్నవాళ్లు రోజంతా ఏం చేస్తారండీ?

కంట్రోల్స్ పాతకాపు:
పీహెచ్‌డీ ఉంటే సులువే, రీసెర్చ్ ల్యాబుల్లో అయితే దాదాపు తప్పనిసరి, కానీ ప్రొడక్ట్ కంపెనీల్లో అది లేకుండా ఎదిగినవాళ్లూ ఉన్నారు. పనంటారా, ఏ సమస్య మీద టీమ్ రెండేళ్లు పెట్టాలో తేల్చడమే అసలు పని, కోడ్ తక్కువే. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా పెట్టిన డ్రైవర్ లేని బళ్ల పోటీలు చూడండి. 2004లో మొజావే ఎడారిలో ఒక్క బండీ గమ్యం చేరలేదు, అన్నిటికన్నా ఎక్కువ దూరం వెళ్లింది కూడా సుమారు 12 కిలోమీటర్లకే ఆగిపోయింది. 2005లో సెబాస్టియన్ త్రున్ నడిపిన స్టాన్‌ఫర్డ్ టీమ్ వాళ్ల బండి స్టాన్లీ 212 కిలోమీటర్లు ఏడు గంటల లోపే పూర్తిచేసింది. వాళ్లు దీన్ని సాఫ్ట్‌వేర్ సమస్యగా చూశారు: లేజర్‌కు దగ్గరి నేల బాగా తెలుస్తుంది, దూరం తెలియదు, అందుకని లేజర్ బాగుందని చెప్పిన నేల రంగు ఎలా ఉందో కెమెరాకు అప్పటికప్పుడు నేర్పించి, అలాంటి నేల ముందు ఎంత దూరం ఉందో కెమెరాతో చూసి స్పీడు పెంచారు. ఇలాంటి ఆలోచన రావాలంటే సెన్సింగ్, ప్లానింగ్, కంట్రోల్ మూడూ తెలిసుండాలి. మీరు ప్లానింగ్ ఒక్కదాంట్లోనే ఉండిపోకండి.

సేఫ్టీ వైపు మనిషి:
పైన చెప్పింది నిజమే, నేను మాత్రం ఇంకోటి ముందు పెడతాను. 2018 మార్చిలో అరిజోనాలోని టెంపీలో తనంతట తానే నడిచే ఒక టెస్ట్ కారు రోడ్డు దాటుతున్న మహిళను గుద్దింది, ఆమె చనిపోయారు. అమెరికాలో రవాణా ప్రమాదాలను విచారించే సంస్థ ఎన్‌టీఎస్‌బీ విచారణలో తేలిందేంటంటే, సిస్టమ్ ఆమెను 5.6 సెకన్ల ముందే పట్టింది, కానీ ఒకసారి వాహనమని, ఒకసారి సైకిలని, మరోసారి ఇంకేదో అని మార్చుకుంటూ పోయింది. అలా మార్చిన ప్రతిసారీ అప్పటిదాకా ఆమె ఎటు కదిలిందన్న చరిత్రను పక్కన పెట్టేసి లెక్క మళ్లీ మొదలుపెట్టింది. డిటెక్షన్ టీమ్, ప్రెడిక్షన్ టీమ్ ఎవరి పని వాళ్లు చేసుకుపోతే ఇలాంటి లోపం ఎవరి కంటా పడదు, మధ్యలో నిలబడి చూడాల్సింది చీఫ్ సైంటిస్టే. డెమో రేపు ఉన్నా సరే "ఇది ఇంకా రోడ్డెక్కకూడదు" అని చెప్పి, ఎందుకో డేటాతో చూపించగలగాలి. వాహనాల భద్రతా ప్రమాణాలు ఐఎస్‌ఓ 26262, దాంతోపాటు 21448 చదవండి. మొదటిది పార్ట్ ఫెయిలైతే వచ్చే ప్రమాదం గురించి, రెండోది ఏదీ ఫెయిలవ్వకుండానే సిస్టమ్ పరిస్థితిని తప్పుగా అర్థం చేసుకుంటే వచ్చే ప్రమాదం గురించి. మన ఫీల్డుకు రెండోదే ఎక్కువ అవసరం.

ప్లానింగ్ కుర్రాడు:
చాలా థ్యాంక్సండీ. మరి మేనేజర్ ఆఫర్ వదులుకోనా?

కంట్రోల్స్ పాతకాపు:
మీ కంపెనీలో స్టాఫ్, ప్రిన్సిపల్ అంటూ టెక్నికల్ మెట్లు ఉన్నాయా అడగండి. ఉంటే వదిలేయండి. లేకపోతే కంపెనీ మారడమే మేలు, ఎందుకంటే కొన్నాళ్లు మేనేజర్‌గా ఉన్నాక మళ్లీ లాగ్ ఫైళ్లు తెరిచి తప్పెక్కడుందో పట్టే అలవాటు తిరిగి రావడం చాలా కష్టం. ఈలోపు ఫ్లైట్ టెస్టులకు వెళ్లి, ఫెయిలైన ప్రతి టెస్టుకూ రిపోర్టు మీరే రాయండి, అందులో మీ మాడ్యూల్ తప్పు లేకపోయినా సరే.