వెండి ముసుగా, వెండి తొడుగా?

పోస్టు:

మెక్సికో కుస్తీవీరుడు ఎల్ సాంతో మీద వ్యాసం రాస్తున్నాను. రెండో పేరాలోనే బండి ఆగిపోయింది. స్పానిష్‌లో ఆయన బిరుదు "ఎల్ ఎన్‌మస్కరాదో దె ప్లాతా". వెండి ముసుగువాడు అని రాస్తే, చదివిన మా అక్క "ఎవడీ దొంగ?" అంది. ఆవిడ తప్పేం లేదు, మన పేపర్లలో ముసుగు కనబడితే పక్కన దొంగలే ఉంటారు. పోనీ మాస్క్ అందామా అంటే, కరోనా తర్వాత ఆ మాటకి చెవులకి తగిలించుకునే నీలిగుడ్డే గుర్తొస్తోంది. శీర్షిక మాత్రం "ముసుగులో గుద్దులాట" అని పెట్టాలని మహా సరదాగా ఉంది. అక్షరాలా జరిగేది అదే కదా! పెద్దలు చెప్పండి.

వ్యాఖ్య:

చమత్కారం బాగానే ఉంది గానీ అర్థం అడ్డం తిరుగుతుందండీ. ఆ నానుడిలో ముసుగు ముఖానిది కాదు, దుప్పటిది. "ముసుగుతన్ని పడుకున్నాడు" అంటామే, ఆ ముసుగు. ఒకే దుప్పటి కింద ఇద్దరు కొట్టుకుంటుంటే ఎవరు ఎవర్ని గుద్దారో పైవాళ్లకి తెలీదు. అందుకే అసలు సంగతి బయటపెట్టకుండా నడిపే తగవుకి ఆ మాట వాడతాం. మీవాడు వేలమంది చూస్తుండగా గోదా నడుమ గుద్దాడు. దాచింది ముఖాన్నే, గుద్దుల్ని కాదు.

క్రియలు కూడా చూడండి. ముసుగు కప్పుకుంటాం, వేసుకుంటాం, తన్నుతాం. అంటే వదులుగా ఉండే గుడ్డ. ఆ మెక్సికో సరుకు తలంతా పట్టేసేలా కుట్టింది, వెనకవైపు బూటు లేసుల్లాంటి తాళ్లతో బిగిస్తారు. దాన్ని తొడుక్కోవాలి. కాబట్టి తొడుగు. చేతికి తొడుగు ఉండగా ముఖానికి ఉంటే తప్పేముంది?

వ్యాఖ్య:

"ముఖ తొడుగు" అంటే ఆపరేషన్ థియేటర్ కనిపిస్తోంది మాస్టారూ.

పోస్టు పెట్టినవారి జవాబు:

తొడుగు నచ్చింది. కానీ నా ఇబ్బంది ఇంకోటి. మనకి ముసుగంటే లోపల నిజం, పైన అబద్ధం. ఈయన సంగతి తలకిందులు. రొడోల్ఫో గుస్మన్ వెర్తా 1917లో ఇదాల్గో రాష్ట్రం తులాన్సింగోలో పుట్టాడు. మొదట్లో రూడీ గుస్మన్ అనే పేరుతో కుస్తీ పట్టాడు. కొన్నాళ్లు రెండో ముర్సియెలాగో, అంటే రెండో గబ్బిలం అనిపించుకుంటే, అసలు గబ్బిలం ఫిర్యాదు చేసి ఆ పేరు పీకించాడు. 1942 జులై 26న మెక్సికో సిటీలో వెండి రంగు తొడుక్కుని సాంతోగా దిగాక గానీ జనం గుండెల్లో చోటు దొరకలేదు. 1952 నుంచి ఆయన మీద బొమ్మల కథలు, 1958 నుంచి యాభైకి పైగా సినిమాలు. ఇంతా చేసి, సాంతో అయ్యాక దశాబ్దాలపాటు అసలు ముఖం జనం కంట పడనివ్వలేదు. అన్నం తినడానికి గడ్డం దగ్గర తెరిచిన తొడుగు వేరే ఉండేదట.

ఇంకో తమాషా. సాంతో అంటే పునీతుడు, మన కథోలికులు వాడే మాటే. పేరు అది, ఆట మాత్రం మొదటి ఇరవై ఏళ్లూ "రూదో" పక్షంలో. రూదో అంటే మోటు అని రాశాను గానీ నాకు తృప్తి లేదు. రిఫరీ అటు తిరిగితే ఇటు తన్నేవాణ్ని చిన్నప్పుడు మేం "తొండిగాడు" అనేవాళ్లం. ఎదుటి పక్షం "తెక్నికో", పట్లు తెలిసి నియమంగా ఆడేవాడు.

వ్యాఖ్య:

తొండి పునీతుడు! అదే పెట్టండి శీర్షిక.

ముసుగు గురించి ఒక మాట. మా ఊరి అమ్మవారికి వెండి తొడుగు ఉంది. పండగరోజు అలంకారం అయ్యాక చూస్తే ముక్కుపుడక, కళ్లు, బొట్టు అన్నీ ఆ వెండి మీదే. రాతి ముఖాన్ని దాచారని ఎవరైనా అంటారా? ఊరందరికీ అమ్మవారి ముఖం అదే. ఆయనది అలాంటి తొడుగు, దొంగ ముసుగు కాదు. చివరికి ముఖం చూపించాడా లేదా?

పోస్టు పెట్టినవారి జవాబు:

1984 జనవరిలో ఒక టీవీ కార్యక్రమంలో కాస్త పైకెత్తి సగం ముఖం చూపించాడు. కొద్దిరోజులకే, ఫిబ్రవరి 5న, గుండెపోటుతో పోయాడు. ఆ తొడుగుతోనే ఖననం చేశారు.

వ్యాఖ్య:

ఇంకేం, సింహాచలం మాట ఉండనే ఉంది. ఏడాదంతా చందనం, అక్షయ తృతీయనాడు నిజరూప దర్శనం. సాంతో నిజరూప దర్శనం అని రాయండి, తెలుగువాళ్లకి ఒక్క ముక్కలో ఎక్కుతుంది.

పోస్టు పెట్టినవారి జవాబు:

భలే అన్నారండీ, తీసుకున్నాను. ఇక మిగిలింది ఒక్కటే. అక్కడ తొడుగులు పందెం కాసి ఆడతారు. ఓడినవాడు అందరి ముందూ విప్పేసి అసలు పేరు చెప్పుకోవాలి. 1952 నవంబరు 7న బ్లాక్ షాడోని ఓడించి సాంతో అలాగే విప్పించాడు. తొడుగు లేనివాడు జుట్టు కాస్తాడు, ఓడితే గోదాలోనే గుండు. "మాస్కరా కొంత్రా కబెయేరా" అంటారు. దీనికి తెలుగు?

వ్యాఖ్య:

"ఓడిపోతే మీసం గొరిగించుకుంటా" అని రచ్చబండ దగ్గర పందెం కాసే జాతికి అదో ప్రశ్నా? తొడుగుకి గుండు పందెం.