చెరువు దిగువ కాలనీల ముంపు: నాలా వెడల్పు చేస్తే సరిపోతుందా?

ప్రశ్న (కాలనీ సంఘం సభ్యుడు, హైదరాబాద్):
మా కాలనీ ఒక చెరువు అలుగుకు దిగువన ఉంది. ఎగువన ఉన్న పొలాలన్నీ వెంచర్లుగా మారినప్పటి నుంచి గట్టి వాన కురిసిన ప్రతిసారీ ఇళ్లలోకి నీరు వస్తోంది. నాలా వెడల్పు చేయిస్తామన్న హామీ తప్ప మరో సమాధానం మాకు దొరకడం లేదు. పట్టణ ప్రణాళికలోనే మార్పు కోరాలంటే, మాస్టర్ ప్లాన్‌పై సూచనలు పంపేటప్పుడు ఏమి అడగాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు 1 (పట్టణ ప్రణాళిక రంగంలో పనిచేసిన వ్యక్తి):
నాలా వెడల్పు అవసరమే గాని, అది చివరి పని. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే గీత) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న వాటికి 9 మీటర్లు నిర్మాణాలు లేని బఫర్‌గా వదలాలి. ఈ నియమం చెరువు అంచును కాపాడుతుంది, చెరువులోకి నీరు వచ్చే నేలను మాత్రం పట్టించుకోదు. ఎగువ నేలంతా సిమెంటు కప్పుకున్నాక, ఒకప్పుడు నెమ్మదిగా ఇంకి, పారి వచ్చిన వాన నీరు ఇప్పుడు ఒక్కసారిగా అలుగు మీద పడుతుంది. గొలుసుకట్టు చెరువులను కలిపే వాగు గ్రామ నక్షాలో కనిపిస్తున్నా, లేఅవుట్‌లో అది రోడ్డుగానో ప్లాటుగానో మారిపోవడం నేను చాలా చోట్ల చూశాను. అందుచేత లేఅవుట్‌లో పార్కుల కోసం వదిలే పది శాతం స్థలాన్ని అమ్ముడుపోని మూలకు నెట్టకుండా, వాగు వెంట, పల్లంలో ఉంచాలని నిబంధనగా కోరండి. వాన నీరు కాసేపు నిలవడానికి చోటు దొరుకుతుంది, మిగిలిన రోజుల్లో పిల్లలకు ఆటస్థలమూ అవుతుంది.

జవాబు 2 (చరిత్ర ఉపాధ్యాయిని):
పై మాటకు మన నగర చరిత్రే ఆధారం. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని బలిగొన్న తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు పరిష్కారాన్ని నగరంలో కాక ఎగువన వెతికారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకు బస్తీలను, వీధులను బాగుచేసే పని చేపట్టింది. ఆ జంట జలాశయాల పరీవాహకాన్ని కాపాడేందుకు 1996లో జీవో 111 తెచ్చినవారు కూడా ఇదే దృష్టితో ఆలోచించారు.

జవాబు 3 (న్యాయవాది):
ఒక విషయం మరవకూడదు. శిఖం భూముల్లో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో, పట్టాదారులు ఉంటారు, నీరు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు వారిది. వారికి టీడీఆర్ (వదులుకున్న స్థలానికి బదులుగా మరోచోట అదనంగా కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు) రూపంలోనైనా న్యాయమైన పరిహారం ఇవ్వకుండా హద్దురాళ్లు పాతితే వివాదం కోర్టులోనే మిగిలిపోతుంది. నాలా గట్టున గుడిసెల్లో ఉన్నవారికి పని దొరికే చోటికి దగ్గరలోనే ఇళ్లు చూపాలి. దూరంగా తరలిస్తే బతుకుతెరువు పోతుంది, అది నివాసయోగ్యమైన నగరం అనిపించుకోదు. మీ సంఘం ముందుగా ఎగువ వెంచర్ల మంజూరు నక్షాలను, చెరువు ఎఫ్‌టీఎల్ పటాన్ని సమాచార హక్కు చట్టం కింద తీసుకుని, గ్రామ నక్షాతో పోల్చి చూసి, వాగు ఎక్కడ తెగిందో సర్వే నంబర్లతో సహా సూచనల్లో రాయడం మంచిది.