సమస్యాపూరణం: ‘వేగ మెక్కువైన వెనుకఁ బడెను’

నిర్వహణ, తిరుపతి:
ఈ వారం ఛందస్సు ఆటవెలది, విషయం కంప్యూటర్ ఆటల్లో వచ్చే లాగ్ (ఆట తడబడడం, ఆలస్యం కావడం). కవులవి కలంపేర్లు. పద్యంలో కారణం కనబడాలి, దానికి మందు కింద వచనంలో రాయాలి.

రెండు రకాల లాగ్‌ను కలిపేయకండి. బొమ్మే తడబడుతుంటే లోపం యంత్రంలో ఉంది. బొమ్మ నున్నగా కదులుతూనే దెబ్బ ఆలస్యంగా తగలడం, మన ఆటగాడు ఉన్నట్టుండి వెనక్కి గుంజుకుపోవడం జరిగితే లోపం నెట్టులో ఉంది. సెకనుకు 60 ఫ్రేములు (తెర మీద ఒకదాని వెంట ఒకటి వచ్చే బొమ్మలు) అంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. సగటు 60 చూపిస్తున్నా, నడుమ ఒక ఫ్రేముకు 100 మిల్లీసెకన్లు పడితే కంటికి గుచ్చుకునేది అదే. అందుకని సగటు అంకె కాదు, ఫ్రేమ్ టైమ్ గీత (ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయం చూపే గ్రాఫు) చూసి రాయండి.

కోనేటి గట్టు:
పరుపు మీఁద నుంచ బంధమై గాలికి
తొంబదైదు దాటె దొడ్డ వేడి
తనకుఁ దానె చిప్పు తగ్గించె గతి నంత
వేగ మెక్కువైన వెనుకఁ బడెను

ఆట మొదలైన పది నిమిషాలు బాగా నడిచి, ఆ తర్వాత ఫ్రేములు సగానికి పడిపోతే ఇదే కారణం. ల్యాప్‌టాప్‌ను గట్టి బల్ల మీద పెట్టి, వెనక వైపు రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తాలి. ఫ్యాను రెక్కలు తిరగకుండా పుల్లతో ఆపి దుమ్ము ఊదాలి. వదిలేస్తే గాలి ఒత్తిడికి అది మితిమీరి తిరిగి బేరింగు పాడవుతుంది. విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి దించితే చాలా యంత్రాల్లో టర్బో (చిప్పు తనంతట పెంచుకునే అదనపు వేగం) ఆగుతుంది, వేడి వెంటనే దిగుతుంది.

నిర్వహణ:
ధార బాగుంది. రెండో పాదంలో ‘దొడ్డ’ యతి కోసం వచ్చినా అర్థానికి అడ్డుపడలేదు. శాస్త్రం వైపు ఒక మాట: 95 డిగ్రీలు దాటడమే జబ్బు కాదు. చాలా ల్యాప్‌టాప్ చిప్పులకు హద్దే 95, 100 దగ్గర ఉంటుంది. వేడి పెరిగిన క్షణానే చిప్పు వేగం చూపే గిగాహెర్ట్జ్ అంకె పడిందా అన్నది పక్కపక్కన చూడాలి. రెండూ కలిసి జరిగితేనే మీ పద్యం వర్తిస్తుంది. రోహిణీ కార్తెలో మన ఊళ్ళో గది వేడి పది డిగ్రీలు పెరిగితే చిప్పు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. చలికాలంలో ఆడిన సెట్టింగు మే నెలలో ఆడకపోవడానికి కారణం అదే.

నీవా నది, చిత్తూరు:
లైను నూఱు మెగలు, లాగఁగా సినిమాలు
రౌటరందు మూఁగె రాకపోక
వరుసలోన నాట వార్తలు నిలువంగ
వేగ మెక్కువైన వెనుకఁ బడెను

లైను వెడల్పు వేరు, వార్త వెళ్ళివచ్చే సమయం వేరు. మొదట రౌటరుకు పింగ్ (ఈ వెళ్ళివచ్చే సమయాన్ని కొలిచే ఆదేశం) పెట్టండి, చాలా ఇళ్ళలో దాని చిరునామా 192.168.1.1. అక్కడే అంకె ఎగుడుదిగుడైతే లోపం ఇంట్లోనే ఉంది. అది నిలకడగా ఉంటే బయటి సర్వరుకు పింగ్ నడుపుతూ, ఇంకో యంత్రంలో పెద్ద డౌన్‌లోడ్ మొదలుపెట్టండి. 30 మిల్లీసెకన్లు ఉన్నది 300 అయితే రౌటరులో క్యూ పేరుకుపోతోందన్నమాట. రౌటరులో ఎస్‌క్యూఎం (క్యూ పేరుకోకుండా చూసే ఏర్పాటు) ఉంటే దాన్ని వేసి, హద్దును అసలు వేగంలో 85 నుంచి 90 శాతం దగ్గర పెట్టాలి. 100 ఎంబీపీఎస్ లైనుకు 85తో మొదలుపెట్టండి. అప్‌లోడ్‌కు విడిగా పెట్టడం మరవొద్దు, ఎక్కువగా మూసుకుపోయేది అదే.

చంద్రగిరి కోట:
‘వరుసలోన నాట వార్తలు నిలువంగ’ చాలా నచ్చింది. జరిగేది అక్షరాలా అదే. ఒకటి చేరుస్తాను. ఆట ఏ సర్వరుకు కలుపుతోందో చూడాలి. తిరుపతి నుంచి ముంబయికి గీత గీస్తే సుమారు 900 కిలోమీటర్లు, సింగపూరుకు సుమారు 3,000. గాజుతీగలో కాంతి వెయ్యి కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. రానూపోనూ ముంబయికి 9, సింగపూరుకు 30 కంటే తగ్గవు. తీగ వంకరలు, మధ్య రౌటర్లు కలిస్తే ఇంకా పెరుగుతుంది. ప్లాను పెద్దది వేయించుకున్నా ఈ దూరం కరగదు. సర్వరు ప్రాంతం మార్చుకోవాల్సిందే.

స్వర్ణముఖి:
గోడ లడ్డు రాఁగ సడలెను వైఫైయు
మాట లన్ని మరల మరలఁ బంపె
ఐదు గిగల వేగ మాశించి చేరంగ
వేగ మెక్కువైన వెనుకఁ బడెను

నిర్వహణ:
భావం సరైనదే. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగమైనదే కానీ, గోడలు దాటడంలో 2.4 కంటే బలహీనం. మొదటి పాదంలో యతి తప్పింది: ‘గో’కు ‘స’ చెల్లదు. ‘గోడ లడ్డు రాఁగఁ గుంటెను వైఫైయు’ అంటే గో–గు కుదురుతుంది. మందు రాయలేదు మీరు. ఈథర్నెట్ కేబుల్ లాగడమే మందు.

చంద్రగిరి కోట:
తప్పు దొరలు నేని దానిని మఱిమఱి
పంపుచుండు మెమరి, పనులు నిలుచు
క్లాకు పైకి నెత్తఁ గలిగిన ఫల మిదే
వేగ మెక్కువైన వెనుకఁ బడెను

గ్రాఫిక్స్ కార్డు మెమరీ క్లాకు (నడిచే వేగం) పెంచేవాళ్ళ కోసం. ఆ కార్డుల్లో వాడే జీడీడీఆర్ 6 రకం మెమరీలో తప్పు దొర్లిన సమాచారాన్ని పట్టుకునే ఏర్పాటు ఉంది, దాన్ని మళ్ళీ పంపాల్సి వస్తుంది. అందుకే హద్దు కొద్దిగా దాటితే తెర చెడకుండా, ఆట ఆగకుండానే ఫ్రేములు తగ్గవచ్చు. 50 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ ప్రతిసారీ ఒకే బెంచిమార్కు (వేగాన్ని కొలిచే పరీక్ష) నడపండి. స్కోరు దిగడం మొదలైన చోటి నుంచి 100 మెగాహెర్ట్జ్ వెనక్కి రండి.

నీవా నది:
ఇప్పటివరకు వచ్చినవాటిలో సమస్యను సూటిగా ఛేదించింది ఇదే. కానీ తిరిగి పంపించేది మెమరీ కాదు, చిప్పులోని కంట్రోలరు. ‘పంపుచుండుఁ జిప్పు, పనులు నిలుచు’ అంటే గణాలూ చెడవు, నిజమూ నిలుస్తుంది. అలాగే ఇది మదర్‌బోర్డు మీది ర్యామ్‌కు వర్తించదని చెప్పాలి. మామూలు డీడీఆర్ 4 ర్యామును హద్దు మీరి పరిగెత్తిస్తే నెమ్మదించడం కాదు, నీలితెర వచ్చి కూలుతుంది, ఫైళ్ళు చెడతాయి.

చంద్రగిరి కోట:
ఒప్పుకున్నాను, సవరించాను.

కోనేటి గట్టు (రెండో పూరణ):
ఒక్కటొకటి మార్చి యోర్మితోఁ జూడక
అన్ని మార్చె నొక్క యదను లోన
చిక్కు దెలియ దాయె సెట్టింగులందు నా
వేగ మెక్కువైన వెనుకఁ బడెను

ఒక్కసారికి ఒక్క మార్పే. ఆటలో ఒకే చోట, ఒకే పది నిమిషాలు ఆడి అంకె రాసుకోవాలి. మొదట రిజల్యూషన్ దించండి. ఫ్రేములు పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డుది, అప్పుడు నీడలు తగ్గించాలి. పెరగకపోతే భారం ప్రాసెసరుది, అప్పుడు చూపు దూరం, జనసాంద్రత తగ్గించాలి. మలుపు తిరిగినప్పుడల్లా కుదుపు వస్తుంటే వీడియో మెమరీ నిండిందేమో చూసి, టెక్స్చర్లను ఒక మెట్టు దించాలి.

నిర్వహణ:
‘వేగము’ను ‘ఆవేగము’ (తొందరపాటు)గా మార్చారు! మూడో పాదం చివరి ‘నా’తో సమస్యలోని మాటే మారిపోయింది. మనసారా అభినందనలు.

స్వర్ణముఖి:
‘సెట్టింగులందు నావేగము’ దుష్టసమాసం (కలపకూడని వేర్వేరు భాషల మాటలు కలిపిన సమాసం) కాదా?

నిర్వహణ:
కాదండీ. అక్కడ సమాసమే లేదు. అన్యదేశ్యానికి (పరభాషా పదానికి) తెలుగు విభక్తి చేరింది, ఆపైన ‘అందున్’ మీద ‘ఆవేగము’కు సంధి జరిగింది, అంతే. ‘సెట్టింగావేగము’ అని ఉంటే తప్పు పట్టేవాణ్ణి.